మసక తెర ముందు గెలిచిన వాదన

ముప్పై ఏళ్ళుగా మీ ప్రతి మాటకూ అడ్డు తగిలిన మనిషి ఒక ఆదివారం ఉన్నట్టుండి "నువ్వు చెప్పిందే నిజం" అంటే మీరేం చేస్తారు? సంతోషిస్తారా, అనుమానిస్తారా?

నేను సంతోషించాను. నాలుగు వారాలు వరసగా సంతోషించాను. దేన్నయినా పరీక్షించందే నమ్మకండని ఊరూరా చెప్పుకు తిరిగినవాణ్ణి, నాకు ఇష్టమైన ఫలితం వచ్చేసరికి పరీక్ష సంగతే మరిచిపోయాను. ఈ కథలో బాబాలు లేరు, దయ్యాలు లేవు. ఒక టీవీ, ఒక పాత ల్యాప్‌టాప్, మా అక్క, మా బావ, నేను. అంతే.

బావ అంటే మా అక్క భర్త. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో గుమస్తా పనికి వచ్చి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధిలో కాపురం పెట్టాడు. ఆ వీధి చివరి క్రైస్తవుల ఇంటి అబ్బాయిని చేసుకుంటానని అక్క చెప్పినప్పుడు మా ఇంట్లో మూడు నెలలు యుద్ధం జరిగింది. అప్పటికి నేను సంస్కరణ సభల్లో కొత్తగా గొంతు విప్పుతున్నవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసులో మా వైపు నుంచి సాక్షి సంతకం నాదొక్కటే. ఆ ఒక్క సంతకంతో ఇద్దరినీ రెండు మతాల నుంచీ బయటికి లాగేశాననుకున్నాను. బావ చర్చి మానలేదు. అక్క దేన్నీ పెద్దగా పట్టించుకోలేదు. కుట్టుమిషను కొనుక్కుంది.

బావ పని ఓడలు మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర తుప్పు కొట్టడం. ఓడ అడుగున ఉండే ట్యాంకులోకి దిగి, ఇనుప గోడల మీద పేరుకున్న తుప్పును సుత్తితోనూ, గాలితో నడిచే మిషనుతోనూ రాల్చాలి. చుట్టూ ఇనుము, పైన ఇనుము, కింద ఇనుము. ఆరుగురు ఒకేసారి కొడుతుంటే లోపల మాటన్నది ఉండదు. అందుకని ఆ పనివాళ్ళందరూ ఒకరి పెదాలు ఒకరు చదవడం నేర్చుకునేవారు. నీళ్ళు, ఆపు, మేస్త్రీ వస్తున్నాడు అనే మూడు మాటలతో మొదలై, చివరికి సినిమా కథలు కూడా పెదాలతోనే చెప్పుకునేవారట.

చెవులు ఒక్క రోజులో పోలేదు. రిటైరయ్యేనాటికి బావకి ఎదుటివాళ్ళ గొంతు వినపడేది, మాట తెలిసేది కాదు. చెవి మిషను పెట్టినా అంతే. మాట కావాలంటే పెదాల మీద చదువుకోవలసిందే. దాంతో ఆయనతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. ఎదురుగా కూర్చుని, మొహం తిప్పకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా గంటసేపు మాట్లాడే ఓపిక ఎంతమందికి ఉంటుంది? నాకుండేది. అది ఓపిక అనను. ఆయన్ని ఓడించాలన్న పట్టుదల.

ఆదివారం బావ చర్చి నుంచి వచ్చి, భోంచేసి, నడుం వాల్చి లేచేసరికి మూడవుతుంది. ఆ వేళకి నేను వెళతాను. ఒక స్ట్రీమింగ్ సైటులో వారం వారం ఒక చర్చా కార్యక్రమం వస్తుంది. నలుగురు ఒక విషయం మీద గంటసేపు వాదించుకుంటారు. మొక్కులు, ముహూర్తాలు, బడిలో దేవుడి పాట ఉండాలా వద్దా, ప్రార్థనతో జబ్బు నయమవుతుందా, ఇలాంటివి. నా పాత ల్యాప్‌టాప్‌ను వాళ్ళ టీవీకి వైరుతో కలిపి అక్కడే ఉంచేశాను. ముగ్గురం చూస్తాం. అక్క జాకెట్లు కుడుతూ చూస్తుంది. అది తెలుగు కార్యక్రమమే అయినా కింద తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అవి బావ చదివేలోపు వెళ్ళిపోతాయి. కనుక ఆయన తెర మీది పెదాలే చదువుతాడు. కార్యక్రమం అయిపోయాక మా ఇద్దరి అసలు వాదన మొదలవుతుంది.

దానికో నియమం ఉంది. నేను పెరిగిన సభల్లో మాకు మొదటి రోజే నేర్పిన నియమం. ఎదుటివాడి వాదాన్ని ముందు నీ నోటితో తిరిగి చెప్పు. "అవును, నేనన్నది ఇదే" అని వాడు ఒప్పుకున్నాకే ఖండించు. తిరిగి చెప్పలేకపోతే ఆ పూటకి నువ్వు ఓడిపోయినట్టు. ఈ నియమం బావకి నేనే నేర్పాను, ఆయన నాకంటే బాగా పాటించాడు. తెర మీద మావాడు, అంటే హేతువాది, చెప్పిన వాదాన్ని మావాడి కంటే పదునుగా చెప్పేవాడు. నేను తలూపేదాకా ఆగేవాడు. ఆ తర్వాత ఒక్కో మేకూ పీకేవాడు.

ఆ సైటు ఉచితం. డబ్బుకి బదులు ప్రకటనలు చూడాలి. వాటిని నేను ఎన్నడూ సహించలేకపోయాను. ఒక ఆదివారం తెర మీద ఒక మాస్టారు తాయెత్తుల మోసం గురించి చక్కగా వివరిస్తున్నాడు. "ఈ రాగిరేకులో ఉన్నదల్లా" అనేసరికి బొమ్మ ఆగిపోయి ప్రకటన మొదలైంది. నరదిష్టి పోగొట్టే యంత్రం. ఎర్రదారం, రాగిరేకు, వ్యాపారం దివాలా తీసి మళ్ళీ కళకళలాడిపోయిన ఒక కుటుంబం.

"బావా, మీవోడి ఉపన్యాసానికి కూలి ఎవుడిత్తన్నాడో సూసేవా?" అన్నాడు బావ.

"చూశాను."

"మా దేవుడు కాదు గదా?"

"కాదు."

"తాయెత్తు. తాయెత్తు అమ్ముడైతేనే మీవోడి సేతికి మైకు. మరి దాని మయిమ లేదంతావేటి?"

అక్క మిషను ఆపి మరీ నవ్వింది. "నీ నోటికి తాళం పడిందిరా తమ్ముడూ ఇయ్యాల," అంది.

నాకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఆయన మాటలో నిజం ఉండటమే. మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి ల్యాప్‌టాప్‌లో యాడ్ బ్లాకర్ పెట్టాను. ప్రకటనలను ముందే పట్టి ఆపేసే చిన్న ప్రోగ్రాం అది. పది నిమిషాల పని. ఆ తర్వాత సైటు తెరిస్తే ఇంగ్లీషులో నాలుగు వరసలతో ఒక పెట్టె వచ్చింది, అడుగున ఓకే అని ఉంది. నొక్కాను. చదవకుండా సంతకం పెట్టొద్దని కార్మికులకి క్లాసులు తీసుకున్నవాణ్ణే, చదవకుండా నొక్కాను. ఆ పెట్టెను గుర్తుంచుకోండి.

తర్వాతి ఆదివారం తాయెత్తులు లేవు, ఉంగరాలు లేవు, రమ్మీ ఆటలు లేవు. గంట కార్యక్రమం గంటలో అయిపోయింది. బొమ్మ కొంచెం మెత్తబడినట్టు నాకూ అనిపించింది. నలుగురినీ నాలుగు గళ్ళలో చూపించినప్పుడు మొహాలు తడిసిన కాగితం మీద రంగుల్లా ఉన్నాయి. కాని నాకు చెవులున్నాయి. అందుచేత అది నా లెక్కలోకి రాలేదు.

"ఆ గడ్డం ఆయన ఏమన్నాడో చెప్పు బావా, మొదలెడదాం," అన్నాను.

బావ ఒకసారి తెర వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "నువ్వే సెప్పు," అన్నాడు.

చెప్పాను.

"ఊఁ. అదీ నిజమే," అన్నాడు. అక్కడితో ముగిసింది. టీ తాగి వచ్చేశాను.

రెండో ఆదివారం ముహూర్తాల మీద. "నువ్వన్నదే రైటు బావా." మూడో ఆదివారం ప్రార్థనా, వైద్యమూ. ఈ విషయం మీద బావ ముప్పై ఏళ్ళలో అంగుళం కదిలినవాడు కాదు. ట్యాంకులోకి దిగేముందు ప్రతిరోజూ ప్రార్థన చేశాననీ, పైకి ప్రాణాలతో వచ్చాననీ అంటాడు. ప్రార్థన చేసి దిగి పైకి రానివాళ్ళ సంగతేమిటని నేను అడుగుతాను. అక్కడి నుంచి సాయంత్రం దాకా సాగుతుంది. ఆ రోజు మాత్రం, నేను అడగకముందే, కుర్చీ చేతుల మీద వేళ్ళు ఆడిస్తూ, "జొరమొస్తే డాక్టరు కాడికే ఎల్లాల బావా. ప్రార్థనతో తగ్గదు. ఒప్పుకున్నాను," అన్నాడు.

అక్క మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేను దాన్ని ఆశ్చర్యం అనుకున్నాను.

మేము మిత్రులం కలిసి నడిపే చిన్న వారపత్రిక ఒకటి ఉంది. ఆ వారమే దానికి వ్యాసం రాశాను. ఓర్పుగా, తర్కంతో, ఏళ్ళ తరబడి మాట్లాడితే ఎంత గట్టి విశ్వాసి అయినా హేతువుకి తలవంచుతాడని, అందుకు నా కళ్ళముందే ఒక ఉదాహరణ ఉందని. పేరు రాయలేదు. ఓడ తుప్పు కొట్టి రిటైరైన వృద్ధుడని రాశాను. కంచరపాలెంలో ఆ మాట చాలు. అచ్చయిన వ్యాసం చూసి మిత్రులు ఫోన్లు చేశారు. పత్రిక బావకీ వెళుతుంది. అచ్చు అక్షరాలు ఆయన బాగానే చదువుతాడు.

నాలుగో ఆదివారం వెళ్ళేసరికి ఆ పత్రిక ఆయన బైబిలు మధ్యలోంచి కొంచెం బయటికి కనిపిస్తోంది. మొక్కుల మీద కార్యక్రమం అయ్యింది. నేను నోరు తెరవకముందే బావ చెయ్యెత్తాడు.

"బావా, వచ్చే వారం నుంచి నువ్వు ఇంత ఎండన పడి రానక్కర్లేదు."

"అదేం?"

"ఇంకేటి మిగిలింది వాదించుకోడానికి? ఒప్పేసుకున్నాను గదా. నువ్వు అచ్చు కూడా ఏసీసేవు."

మాటలో ఎత్తిపొడుపు ఉందా అని చూశాను. లేదు. అలిసిపోయిన మొహం. "ల్యాప్‌టాప్ కూడా అట్టుకుపో. ఇక్కడ దుమ్ము పట్టడం తప్పితే ఏటుంది," అన్నాడు. నేను పట్టుకుపోలేదు. ఉండనీ అన్నాను. గెలిచినవాడి ఔదార్యం. బయటికి వచ్చాక గూడ్సు బండి వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. ఆదివారం మధ్యాహ్నాలు ఇక ఏం చెయ్యాలో తోచలేదు. అయినా గెలిచాననే అనుకున్నాను.

మంగళవారం పొద్దున్న అక్క ఫోన్ చేసింది. "ఓసారి రా. ఫోన్లో సెప్పేది కాదు."

వెళ్ళాను. బావ చేపల కోసం హార్బరు వైపు వెళ్ళాడు. అక్క నన్ను మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చోబెట్టింది.

"నీ బావ నీతో ఓడిపోనాడనుకుంతన్నావా?"

"ఆయనే ఒప్పుకున్నాడు కదా."

"ఒప్పుకోక ఏటి సేత్తాడ్రా. ఆళ్ళు ఏటన్నారో తెలిస్తే గదా నీకు తిరగేసి సెప్పడానికి. సెప్పకపోతే ఓడిపోయినట్టేనని ఆ రూలు ఎట్టినోడివి నువ్వే."

నాకు అర్థం కాలేదు. అక్క గొంతు తగ్గించింది, ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

"ఆయనకి కళ్ళు పోతన్నాయంత. టీవీలో నోళ్ళు కలిసిపోతన్నాయంత, పెదాలెక్కడో గెడ్డమెక్కడో తెలడం లేదంత. రెండుసార్లు కళ్ళజోడు మార్పించేను. పెద్దాసుపత్రికి పోదాం అంతే ఒద్దంతన్నాడు. ఏటి సెప్తారో అని బయం. నీకు మాత్రం సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"నాకెందుకు చెప్పొద్దట?"

"సెవులు ముందే పోనాయి. కళ్ళు కూడా పోతన్నాయని తెలిస్తే మావోడు నాతో మాటాడ్డం మానేత్తాడు, ముసలోడని జాలి సూపిత్తాడు, అన్నాడు. జాలి కన్నా ఓడిపోడమే నయమన్నాడు."

చాలా సభల్లో మాట్లాడాను, చాలామంది నన్ను నిలదీశారు. ఇంత చిన్న గొంతుతో ఎవరూ నిలదీయలేదు.

అయినా ఊరుకోలేదు. వయసు, శుక్లాలు, రక్తపోటు అంటూ కారణాలు ఏకరువు పెట్టాను. అక్క చివరిదాకా విని, "అయ్యన్నీ నువ్వు సూసేవా?" అంది.

"చూడలేదు."

"మరి?"

ఆ "మరి?" నాది. ముప్పై ఏళ్ళుగా నేను అందరినీ అడుగుతున్నది.

"జాకెట్టు బిగుసైందని తెచ్చిత్తారు. మనిషి లావైందా, గుడ్డ ఉతుక్కి కుంచించిందా, నా కత్తిరింపే తప్పా? ఒక్కోటీ ఇప్పి సూడాల. మూడూ ఒక్కసారే ఇప్పేత్తే తప్పెక్కడుందో ఎప్పటికీ తెలదు," అంది అక్క. "ఆయన్ని రానీ."

బావ చేపల సంచీతో వచ్చాడు. నన్ను చూడగానే అక్క వైపు తిరిగి, "సెప్పీసేవు గదా," అన్నాడు.

"సెప్పేను. ఒట్టు నా మీదే గదా, తీసి గట్టున ఎట్టేను. మీరు ఇలా కూకోండి."

గోడకి చర్చి క్యాలెండరు ఉంది. అక్క బావని టీవీ చూసే కుర్చీలోనే కూర్చోబెట్టి, అడుగున ఉన్న వాక్యం చదవమంది. చదివాడు. ఆ వాక్యం ఆయనకి కంఠస్థమేమోనని నేను పైకే అన్నాను. అక్క వంటింట్లోంచి నూనె ప్యాకెట్టు తెచ్చి క్యాలెండరు పక్కన పట్టుకుంది. దాని మీది సన్నటి అక్షరాలు కూడా, ఒకటి రెండు తప్పితే, చదివాడు. తర్వాత ఆమె తన ఫోనులో ఆదివారం నాటి ఎపిసోడే తెరిచి, చేతికి అందేంత దూరంలో స్టీలు గ్లాసుకి ఆనించి పెట్టింది. మొదట ఉంగరం ప్రకటన. తర్వాత నలుగురు.

బావ ముందుకు వంగాడు. నిమిషం పాటు కదల్లేదు.

"గెడ్డపాయన ఏటంతన్నాడు?" అంది అక్క, ఆయనకి ఎదురుగా వచ్చి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ.

"మొక్కంతే దేవుడికి లంచం అంతన్నాడు. లంచం తీసుకునే ఆపీసరు దగ్గరికి నాయం కోసం ఎల్తావా అంతన్నాడు." ఆగి, నా వైపు చూశాడు. "బాగా సెప్పేడు. కాని తప్పు."

ఎపిసోడు అదే, కళ్ళు అవే. అరచేతంత తెర మీద కనిపించిన పెదాలు, గోడంత తెర మీద కనిపించలేదు.

"మారిందేటి?" అంది అక్క.

నెట్టు అన్నాను. పట్టాల పక్క వైరు, వర్షానికి కనెక్షను దెబ్బతిని ఉంటుందన్నాను. ఫోనూ ల్యాప్‌టాప్ ఒకే నెట్టు మీద నడుస్తున్నాయంది. టీవీ పాతదన్నాను. నెల కిందట ఇదే టీవీలో పెదాలు కనిపించాయంది. వైరు అన్నాను. వైరు పీకి మళ్ళీ పెట్టింది. నా దగ్గర కారణాలు అయిపోయాయి. ఒక్కదాని పేరు మాత్రం నేను ఎత్తలేదు.

"తాయెత్తులు రాకండా నువ్వో తాయెత్తు కట్టేవు గదా దీనికి. అది ఇప్పు," అంది.

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా."

"ఇప్పి సెప్పు సంబంధం లేదని."

యాడ్ బ్లాకర్ ఆపాను. అదే ఎపిసోడు మళ్ళీ పెట్టాను. ముందు నరదిష్టి యంత్రం వచ్చింది. రాగిరేకు మీది గీతలన్నీ లెక్కపెట్టొచ్చు, అంత శుభ్రంగా. తర్వాత నలుగురూ వచ్చారు. గడ్డం ఆయన పెదవి మీద చిన్న మచ్చ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. తెర మూల పళ్ళచక్రం గుర్తు నొక్కి చూశాను. అక్కడ బొమ్మ నాణ్యత చెప్పే అంకె 1080 అని ఉంది. బ్లాకర్ మళ్ళీ పెట్టి చూశాను, 480. ఆ అంకె పక్కన ఇంగ్లీషులో చీమంత అక్షరాలు: ప్రకటనలు ఆపే ప్రోగ్రాం ఉన్నచోట బొమ్మ నాణ్యత ఇంతకు మించి ఇవ్వబడదు. నేను చదవకుండా ఓకే నొక్కిన పెట్టెలో ఉన్నది ఇదే.

బావ ఇదంతా చూస్తున్నాడు. మొదట అక్క వైపు తిరిగి, "అయితే నా కళ్ళు పోలేదు గదా," అన్నాడు. మూడుసార్లు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"నాను తిరిగి సెప్పలేకపోనప్పుడు, ఎందుకు సెప్పలేకపోతన్నావని ఓ మాట అడగొచ్చు గదా బావా," అన్నాడు.

ఆయన అన్నది అంతే. ఎదుటివాడి మాటని తిరిగి చెప్పాకే ఖండించమన్న నేను, ఎదుటివాడి మౌనాన్ని నాకు కావలసినట్టు చదువుకుని అచ్చు వేసేశాను. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గితే తాయెత్తు వల్లే తగ్గిందనేవాణ్ణి నేను వెక్కిరిస్తాను. నేను వాదించాక బావ మారాడు, కాబట్టి నా వాదన వల్లే మారాడనుకున్నాను. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఒక్క పరీక్షతో తేల్చెయ్యకూడదు కనుక కళ్ళాసుపత్రికి కూడా తీసుకెళ్ళాం. కళ్ళు వయసుకి తగ్గట్టే ఉన్నాయని, కొత్త కళ్ళజోళ్ళు రెండూ అనవసరమని డాక్టరు చెప్పాడు.

ఆదివారం మూడింటికి నన్ను పిలిపించి బావ ప్రకటించాడు. "ఒప్పుకున్నయ్యన్నీ వాపసు. మొదట్నించీ ఎడదాం." వారానికొకటి చొప్పున నాలుగు ఎపిసోడ్లూ మళ్ళీ చూశాం. ప్రార్థన మీది వాదన సాయంత్రం దాకా సాగింది, ఎవరూ గెలవలేదు. నిజం చెప్పాలంటే లంచం పోలిక దగ్గర ఆయన నన్ను చిత్తు చేశాడు. ఆఫీసరు అడిగి తీసుకుంటాడు, దేవుడు అడగలేదు, అడక్కుండా ఇచ్చేది లంచమెలా అవుతుందన్నాడు. దానికి జవాబు నాకు బుధవారానికి గాని తట్టలేదు.

సైటు చేసిన పని మీద కూడా మా ఇద్దరికీ పెద్ద రగడ జరిగింది. నా మాట: ఇది మోసం. ప్రకటన చూడకపోతే బొమ్మ ఇవ్వమని తెర నల్లగా చేసి చెప్పు, ఒప్పుకుంటాను. ఆ నిమిషమే మాకు కారణం తెలిసేది. బొమ్మనిస్తూనే మసక చేస్తే మనిషి నెట్టుని అనుమానిస్తాడు, టీవీని అనుమానిస్తాడు, చివరికి తన కళ్ళని అనుమానిస్తాడు. జబ్బులాగా కనిపించే శిక్ష వెయ్యడం ఏ న్యాయం? పైగా తెలుగు కార్యక్రమానికి ఆ హెచ్చరిక ఇంగ్లీషులో.

బావ ఒప్పుకోలేదు. "ఆడు సెప్పేడు, నువ్వు సదవలేదు. ప్రకటన సూత్తానని బేరం కుదుర్చుకుని సరుకట్టుకుపోయి, డబ్బులియ్యకండా పారిపోయినోడివి నువ్వు. ఆడు సరుకు తీసేసుకోలేదు, పుచ్చుది ఇచ్చేడు. తెలుగులో సెప్పలేదన్నావు సూడు, అదొక్కటీ నిజం. తెలుగులో అచ్చరాలు ఎట్టకపోడం అంతకన్నా పెద్ద నిజం. మాటకి కింద తెలుగు అచ్చరం ఉంతే నీ పెదాలూ వద్దు, ఆళ్ళ పెదాలూ వద్దు."

ఆ మాటను ఆయనకి తృప్తి కలిగేలా తిరిగి చెప్పాను.

బ్లాకర్ తీసేశాను. డబ్బు కట్టే పద్ధతి కూడా ఆ సైటులో ఉంది. నేను కడతానంటే బావ వద్దన్నాడు. ప్రకటనలు ఆయన్ని బాధించవు. మొదలవగానే కళ్ళు మూసుకుంటాడు, ఇక ఆయనకి తెరా లేదు, మాటా లేదు. "నాకు దేవుడిచ్చిన బ్లాకరు బావా, దీనికి క్వాలిటీ తగ్గదు," అంటాడు. ప్రకటన అయిపోయాక ఆయన మోకాలు తట్టి చెప్పడం నా పని. అందువల్ల నరదిష్టి యంత్రం గురించి ఈ ఊళ్ళో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు.

పత్రికలో సవరణ వేశాను. ఎక్కడో మూలన కాదు, వ్యాసం వేసిన పేజీలోనే. బావ చెప్పిన వాక్యం చెప్పినట్టే వేశాను: "ఆ ముసలోడు ఒప్పుకోలేదు, ఆడికి కనపళ్ళేదు."

ఇప్పుడు మీరు. ఇవాళే మీ ఇంట్లో టీవీ పెట్టండి. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఈమధ్య ప్రతిదానికీ "అవున్లే" అంటున్నారా? మెల్లగా, తెర మీద ఏమన్నారో అడగండి. చెప్పలేకపోతే, వాళ్ళ చెవుల్నీ కళ్ళనీ వయసునీ నిందించేముందు, తెర మూల చక్రం గుర్తు నొక్కి అక్కడున్న అంకె చూడండి. మీరు పెట్టిన బ్లాకర్ తీసి మళ్ళీ చూడండి. తర్వాత ఆ సైటు వాళ్ళకి రాయండి, నాణ్యత తగ్గిస్తే తెర మధ్యలో తెలుగులో చెప్పమని, ప్రతి తెలుగు మాట కిందా తెలుగు అక్షరాలు పెట్టమని. నేను రాశాను, జవాబు రాలేదు. ఒక ముసలివాడి ఉత్తరాన్ని పక్కన పడెయ్యడం తేలిక. మీరూ రాయండి, మీ పక్కింటివాళ్ళ చేతా రాయించండి.